రోలర్ల తుపాకీకి కట్టిన ఎర్రదారం

అక్టోబర్ 8, శనివారం. వనపర్తి

మా ఆయన చేతులు సబ్బుతో రెండుసార్లు కడిగినా తుపాకీ నూనె వాసన పోదు. అన్నంలో కూడా అదే వాసన. నాకు అలవాటైపోయింది.

ఈరోజు ముద్ద నోటి దాకా తీసుకెళ్ళి ఆగిపోయాడు. "మూడోది కరాబైంది" అన్నాడు. ఆయుధాలు పెట్టే ఆర్మరీలో విదేశాల నుంచి వచ్చిన రోలర్ల తుపాకులు ఆరున్నాయి. వాటిని విప్పి, తుడిచి, ఏ భాగం అరిగిందో ఏది పగిలిందో చూడటం ఆయన పని. పోలీసు లైన్‌లో అందరూ ఆయనను "ఆర్మర్ బాలస్వామి" అంటారు. నేను ఆర్మర్ భార్యను.

"కరాబంటే ఏమైంది?" అని అడిగాను. చిన్నగానే అడిగాను. ఆయన లేచి వంటింటి తలుపు మూసి రెండు అరచేతులూ దానికి ఆనించాడు. "నువ్వు అవుతల్నుంచి నూకు" అన్నాడు. సిగ్గేసింది. అయినా వెళ్ళి తోశాను. తలుపు కదల్లేదు. "తూటా పేలినప్పుడు దాని దెబ్బ ఎనక్కు తంతది. నా రెండు చేతులున్నయ్ జూడు, గవే రోలర్లు. కన్ను మూసి తెరిసేటంత సేపు పట్టి ఆపుతయ్. ఆ తర్వాతనే బోల్టును, అంటె గీ తలుపు అసొంటిదాన్ని, ఎనక్కు ఇడుస్తయ్." మళ్ళీ తోయమన్నాడు. ఈసారి చేతులు తీసేశాడు. తలుపుతో పాటు నేనూ వచ్చి ఆయన మీద పడ్డాను.

ఆయన నవ్వలేదు. "రోలర్లు అరిగితె గిట్లయితది. ముందే తెరుసుకుంటది. కాల్చేటోని మొహం గాడనే ఉంటది."

స్కూటర్ మెకానిక్‌ల దగ్గర ఉండే రేకుల గేజు లాంటిదే ఆయన దగ్గరా ఉంది. విసనకర్రలా విచ్చుకుంటుంది. తుపాకీ ఖాళీ చేసి, కిందినుంచి బోల్టు సందులో రేకు పెట్టి చూస్తాడట. రోలర్లు అరిగేకొద్దీ ఆ సందు మూసుకుపోతుందట. బాగున్నదాంట్లో రేకు దూరుతుంది. మూడోదాంట్లో అన్నిటికంటే పలచటి రేకు కూడా దూరలేదు. కొత్త రోలర్ల కోసం రాశాడు. రాలేదు. "వస్తయంటరు... ఎప్పటిసంది వస్తున్నయో."

చేయి కడుక్కుంటూ, "ఎర్రదారం ఉందా?" అని అడిగాడు. జాకెట్లు కుట్టే కండె నుంచి జానెడు తెంపి ఇచ్చాను. ఆ తుపాకీ ట్రిగ్గర్ దగ్గరి కడ్డీకి కడతాడట. ఎర్రదారం ఉంటే ఎవరికీ ఇవ్వకూడదని గుర్తు. కట్టి, వేరే పెట్టెలో పెడతాడు.

అక్టోబర్ 9, ఆదివారం

కురుమూర్తి వచ్చాడు. నా తమ్ముడు. ఈ లైన్‌లోనే కానిస్టేబుల్. ఆదివారం మెస్ తిండి తినడు. నా చింతపండు చారు కోసమే వస్తాడు.

"బావా, మా అక్క నీతోటి ఎన్నడన్న మాట్లాడుతదా? లేకుంటె అన్నీ డైరీల రాసి నీ తలగడ కింద పెడ్తదా?"

"మాట్లాడుతది. తలుపుల అవుతల్నుంచి."

ఇద్దరూ నవ్వారు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. పండక్కి ఇంటికి వస్తానని అమ్మకు మాటిచ్చాడట. వీడు వస్తే అమ్మకు అదే పండగ.

అక్టోబర్ 10, సోమవారం

మా గోడ అవతలి పోర్షన్‌లో మొగులయ్య అన్న ఉంటాడు. ఆర్మరీ గార్డుకు ఆయనే హెడ్డు. పొద్దున గోడ మీదుగా తల పెట్టి మా ఆయనతో మాట్లాడుతుంటే విన్నాను.

"బాలసామీ, రేపు ఆయుధపూజకు ఆ మూడోదాన్ని పెట్టెలనే పెడ్తవా ఏంది?"

"కరాబైంది గదనే అన్నా."

"కరాబైందానికే పూజ ఎక్కువ గావాలె గదర! అమ్మవారి ముంగట ఐదు పెట్టి ఒకటి దాస్తె మంచిగుంటదా? వరుసల పెట్టు. అయినంక మల్ల పెట్టెల ఏస్కో."

ఆయన సరే అన్నాడు. ఒప్పుకోకుండా ఎలా ఉంటాడు... లైన్‌లో పండగ.

అక్టోబర్ 11, మంగళవారం

పూజ బాగా జరిగింది. ఆడవాళ్ళం ఆర్మరీ గడప బయటే నిలబడి చూశాం. తుపాకులన్నీ తెల్ల గుడ్డ మీద వరుసగా. పసుపు, కుంకుమ, బంతిపూలు. గుమ్మడికాయ కొట్టారు. పూజారి మంత్రం చదువుతూ ఒక్కోదాని దగ్గరా వంగి ఏదో కడుతున్నాడు. దూరం నుంచి సరిగా కనిపించలేదు. మొగులయ్య అన్న భార్య చెన్నమ్మక్క నా చెవిలో, "మీ ఆయన తుపాకులను జూసినట్ల నిన్ను జూస్తడా?" అంది. నేల చూశాను.

పూజ అయ్యాక వాటిని ఎవరూ ముట్టరు. మరుసటి రోజు కొబ్బరికాయ కొట్టి కదిపేదాకా అలాగే ఉంటాయి. ఏటా అంతే. అందుకే ఆయన ధైర్యంగా అన్నాడు - "పా, నిన్ను మీ ఊర్ల దింపొస్త. ఇయ్యాల తుపాకితోటి ఎవ్వరికి పనుండదు." లైన్‌కు పెద్ద సారు సెలవు మీద ఉన్నాడు, అడగడానికి లేడు. తాళం మొగులయ్య అన్న చేతికిచ్చి బయలుదేరాం.

బస్సులో కిటికీ పక్క సీటు నాకిచ్చాడు. వీపనగండ్ల దాకా ఆయన భుజం నా భుజానికి తగులుతూనే ఉంది. ఎంత సంతోషంగా ఉన్నానో రాయడానికి కూడా సిగ్గు.

అక్టోబర్ 12, బుధవారం. వీపనగండ్ల

దసరా. ఆయన మొదటి బస్సుకే వెళ్ళిపోయాడు. తమ్ముడు రాలేదు. అమ్మ వాడి వంతు జమ్మి ఆకు కొంగున ముడివేసుకుని వాకిట్లోనే కూర్చుంది.

అక్టోబర్ 13, గురువారం. వనపర్తి

మధ్యాహ్నం ఇల్లు చేరాను. ఆయన బూట్లు విప్పకుండా మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఈ వేళకు డ్యూటీలో ఉండాలి. నన్ను చూసి, "నీళ్ళియ్యి" అన్నాడు. ఇస్తే తాగలేదు.

కొంచెం కొంచెంగా చెప్పాడు. దసరా తెల్లవారుజామున ఆర్డరు వచ్చిందట. గద్వాల, ధరూర్ వైపు ఒక పెద్ద నాయకుడి పర్యటన. ఆయనకు బెదిరింపులున్నాయి. గన్‌మన్లకు వెంటనే తుపాకులివ్వాలి. మొగులయ్య అన్న తాళం తీశాడు. కొబ్బరికాయ కొట్టే తీరిక లేదు. దండం పెట్టి, చేతికందినవి తీసి ఇచ్చేశాడు.

"దానికి దారం కట్టి ఉంది కదా?" అన్నాను.

"అన్నిటికీ ఉంది" అన్నాడు. "పూజారి ఆరింటికీ ఎర్రదారం కట్టిండు. అదే జాగల. రక్ష కోసమంట. నా దారం ఏదో, దేవుని దారం ఏదో..."

మిగిలినవాటిని గేజుతో చూసి, నంబరు చూసుకున్నాడు. మూడోది లేదు.

"ఎవరికి ఇచ్చారు?"

తాగని నీళ్ళు కింద పెట్టాడు.

"కురుమూర్తికి."

అదే రోజు, సాయంత్రం

మొగులయ్య అన్న వచ్చాడు. ఎప్పుడూ గోడ మీదుగా మాట్లాడే మనిషి గుమ్మంలోంచి లోపలికి వచ్చి తలుపు దగ్గరికి వేశాడు. నేను వంటింట్లో ఉన్నాను.

"రెండు దినాలు ఆగు తమ్మీ. పర్యటన అయిపోతది, తుపాకి వాపసొస్తది, సప్పుడు చేయకుండ పెట్టెల ఏద్దం. గన్‌మన్ తుపాకి ఎన్నడన్న పేలిందా? గది భుజానికేసుకొని తిరిగేటందుకే."

"పేలిస్తే?"

"పేలదు పో. ఇప్పుడు నువ్వు పైకి జెప్తె ఏమైతది? మొన్న రాత్రి నువ్వు సెలవు లేకుండ ఊరికి పోయినవని నేను జెప్పాలె. నేను తాళం దీసినని నువ్వు జెప్పాలె. ఇద్దరం ఇంటికి పోతం."

ఆయన వంగి బూటు లేసు విప్పి మళ్ళీ కట్టుకున్నాడు. వాడు నా తమ్ముడని గట్టిగా అందామనుకున్నాను. గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాను.

ఆయన ఉద్యోగం పోతే ఏం చేస్తాం... తమ్ముడికేమైనా అయితే అమ్మకు ఏమని చెప్తాను... రెండూ ఒకదాని మీద ఒకటి వస్తున్నాయి.

అక్టోబర్ 14, శుక్రవారం

ఆయన పొద్దున్నే డ్యూటీకి వెళ్ళాడు. బోరింగ్ దగ్గర చెన్నమ్మక్క మామూలుగానే అంది - "రేపు గన్‌మన్లందరికీ నాగర్‌కర్నూల్ గుట్ట కాడ ఫైరింగ్ ప్రాక్టీసంట. మా ఆయన గూడ పోతుండు. చేతికిచ్చిన తుపాకితోనే కాల్చాల్నంట."

బిందె నిండి పొర్లుతోంది. నేను చూడటం లేదు.

పేలదని అన్నాడు కదా మొగులయ్య అన్న. రేపు తప్పకుండా పేలుతుంది. ఈ సంగతి ఆయనకు తెలుసా? ఆర్మరీ దాకా నేను వెళ్ళలేను. ఆడవాళ్ళను రానివ్వరు. సాయంత్రం దాకా ఆగాలా?

ఆగలేదు. బస్టాండ్ దగ్గరి బూత్‌కు వెళ్ళాను. గద్వాల గెస్ట్‌హౌస్ నంబరు తమ్ముడు ఎప్పుడో రాసిచ్చాడు. పర్యటనలప్పుడు పోలీసులు దిగేది అక్కడే. నేను ఫోన్‌లో ఇంతకుముందు అమ్మతో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు. ఎవరో మగమనిషి "ఎవరూ?" అని గద్దించాడు. పెట్టేశాను.

బూత్ ఆయన, "మాట్లాడకున్నా మీటర్ తిరుగుతదమ్మా" అన్నాడు.

మళ్ళీ చేశాను. కళ్ళు మూసుకుని ఒక్క ఊపిరిలో తమ్ముడి పేరు చెప్పాను.

"అక్కా! అమ్మకేమన్న అయిందా?"

"అమ్మ బాగుంది. ఇగో, నీకిచ్చిన తుపాకి మంచిది కాదురా. రోలర్లు అరిగినయంట. రేపు కాల్చకు."

నవ్వాడు.

"గన్‌మన్‌ను పట్టుకొని కాల్చకంటవా? మా సారుకు ఏమని జెప్పాలె? మా అక్క ఫోన్ జేసిందని జెప్పాల్నా?"

"ఏదన్న జెప్పు. జొరమొచ్చిందని జెప్పు."

"జొరమొస్తె ఇంకోనికిస్తరు గదక్కా ఇదే తుపాకిని."

అది నాకు తట్టలేదు.

"నీకెట్ల తెలుసని అడుగుతరు. బావ పేరొస్తది. నువ్వు పరేషాన్ గాకు. నేను జూసుకుంట. పెట్టెయ్."

అదే రోజు

చీకటి పడకముందే ఆయన వచ్చాడు. ఫైరింగ్ సంగతి, ఫోన్ సంగతి చెప్పేశాను. నేల చూస్తూనే చెప్పాను, కానీ అంతా చెప్పాను.

"ఎవర్నడిగి చేసినవ్?" అరిచాడు. పెళ్ళయ్యాక మొదటిసారి నామీద అరవడం. వెంటనే గోడకు ఆనుకుని కూలబడ్డాడు. "వాడు కాలుస్తడు జయమ్మా. వాని సంగతి నాకెర్క లేదా? వానికి తుపాకి సంగతి ఎర్క లేకుంటె ఎట్లుంటుండెనో. ఇప్పుడు నా పేరు రావొద్దని కావాలని కాలుస్తడు."

నేను మంచి చేశానా చెడు చేశానా...

వైర్‌లెస్ గదికి పరుగెత్తాడు. సారు సంతకం లేకుండా మెసేజ్ పోదన్నారట. సారు హైదరాబాద్‌లో ఉన్నాడు. ఫోన్ ఎత్తలేదు. గెస్ట్‌హౌస్‌కు చేస్తే బండ్లు అప్పుడే నాగర్‌కర్నూల్‌కు బయల్దేరాయన్నారు. అక్కడ ఎక్కడ దిగుతారో ఎవరికీ తెలియదు. మొగులయ్య అన్న కూడా వెళ్ళిపోయాడు.

అక్టోబర్ 15, శనివారం

మొదటి బస్సుకు వెళ్ళాడు. చొక్కా జేబులో గేజు. నా చేతి రొట్టె తీసుకోలేదు.

ఇంతసేపటికి బిజినేపల్లి దాటి ఉంటాడు.

ఎండ బాగా ఎక్కింది. ఫైరింగ్ పొద్దున్నే మొదలు పెడతారట. చల్లగా ఉంటుందని.

బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. ఏరినవే మళ్ళీ ఏరుతున్నాను.

చెన్నమ్మక్క వచ్చింది. చెప్పుల్లేకుండా వచ్చింది. "జయమ్మా, మా ఆయన ఫోన్ జేసిండు... జర కూసో ముందుగాల..."

కూర్చోలేదు. సంచిలో చీరతో పాటు ఈ డైరీ కూడా వేసుకున్నాను.

అక్టోబర్ 16, ఆదివారం. నాగర్‌కర్నూల్ దవాఖాన

బతికే ఉన్నాడు.

కుడికన్ను మీద కట్టు. చెంప మీద నల్లటి చుక్కలు, మిరియాలు చల్లినట్టు. రెండో కన్ను తెరవకుండానే, నా అడుగుల చప్పుడుకే గుర్తుపట్టాడు. "వచ్చినవా అక్కా? చారు తెచ్చినవా?" అన్నాడు. వాడి చేయి పట్టుకుని ఏడ్చాను. నర్సు బయటికి పొమ్మంది. వెళ్ళలేదు.

వరండాలో ఆయన చెప్పాడు, ముక్కలు ముక్కలుగా. బస్సు దిగి ఆటోలో గుట్ట కాడికి... అప్పటికే చప్పుళ్ళు వినిపిస్తున్నాయి... రోడ్డు మీద నుంచే ఆపండి ఆపండి అని అరుస్తూ ఉరికాడు. పిచ్చివాడనుకుని ఇద్దరు పట్టుకున్నారు. ఆయన కళ్ళ ముందే జరిగింది. మొదటి తూటా మామూలుగానే పోయింది. రెండోదీ అంతే. మూడోది పేలగానే తుపాకీ కుడి పక్క నుంచి పొగ కొట్టిందట. బోల్టు ముందే తెరుచుకుంది. తూటా అడుగు చీలి ఇత్తడి పెంకు కంట్లోకి...

వాడు కాల్చడానికి వరుసలో అందరికంటే చివరన పండుకున్నాడట. కుడి పక్కన ఉన్నవాడిని "నువ్వు జర దూరం పో, నీ మోచేయి తగులుతుంది" అని పంపించేశాడట.

అంతా తెలిసే పండుకున్నాడు.

అదే రోజు

సార్లు వచ్చి అడిగారు. "తూటా చెడ్డది సార్. తుపాకి మంచిగనే ఉండె" అని వాడే చెప్పాడు. అలాగే రాసుకుని పోయారు. మొగులయ్య అన్న మంచం కాళ్ళ దగ్గర నిలబడి వింటున్నాడు. టోపీ చేతుల్లో నలిగిపోయింది. నన్ను చూడలేక బయటికి వెళ్ళిపోయాడు.

అందరూ వెళ్ళాక ఆయన మంచం అంచున కూర్చున్నాడు.

"ఎర్క ఉండి ఎందుకు కాల్చినవ్‌ర?"

"నీ కొలువు పోతె మా అక్క యాడుండాలె బావా?"

"నీ కన్ను పోతె మీ అక్క నా తాన ఉంటదా?"

వాడు నవ్వబోయాడు. చెంప నొప్పి పెట్టి ఆపేశాడు.

అక్టోబర్ 17, సోమవారం

రేపు కట్టు విప్పుతారు. చూపు వస్తుందా అని డాక్టరును నేనే అడిగాను. "విప్పితే గానీ చెప్పలేనమ్మా" అన్నాడు. అమ్మకు ఇంకా చెప్పలేదు.

పొద్దున ఆయన ఆ తుపాకీ సంగతి చెప్పాడు. గుట్ట కాడే అందరి ముందూ విప్పి చూశాడట, ఏం చూస్తున్నాడో ఎవరికీ తెలియలేదు. ఒక రోలరు గుండ్రంగా లేదు. ఒక పక్క గోటికి తగిలేంత చదునుగా అరిగిపోయింది. "తూటా అని రాసిన్రు గద... ఇగ రోలర్లు రావు. ఎందుకొస్తయ్? తుపాకులు మంచిగున్నయని కాయితమే ఉన్నది ఇప్పుడు. మిగిలినవాట్ల ఇంకో రెండింట్ల రేకు బిర్రుగ, ఇరుక్కొనే పోతుంది. ఇంకొన్ని దినాలైతె అదీ పోదు. గవి కూడ ఎవరో ఒకరి చేతులకే పోతయ్."

"ఏం చేస్తారు?" అన్నాను.

"సారు ఇయ్యాల వస్తుండు. వనపర్తికి పోయి జెప్త. నేను కట్టిన దారం సంగతి, ఊరికి పోయిన సంగతి, అన్నీ."

నన్ను చూశాడు. ఆగమంటానేమో అని చూసినట్టుంది. చెంగు సర్దుకున్నాను. అదే నా జవాబు అనుకున్నాడో ఏమో, వెళ్ళిపోయాడు.

అదే రోజు, పొద్దు వాలాక

తమ్ముడికి అనుమానం ఎలా వచ్చిందో. మొగులయ్య అన్న ఏదో చెప్పి ఉంటాడు.

"అక్కా, బావ యాడికి పోయిండు?"

చెప్పాను. లేచి కూర్చోబోయాడు. పట్టుకుని పండబెట్టాను.

"పిచ్చోడా ఏంది? నేను తూటా అని సంతకం పెట్టిన. ఇప్పుడు బావ పోయి తుపాకి అంటె నేను అబద్ధం జెప్పినోన్నైత. కన్నూ పాయె, కొలువూ పాయె. ఆయనదీ పాయె. ఇద్దరం పోతె ఎవలికి లాభం?" కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "నువ్వు జెప్తె ఆగుతడు. నీ మాట ఇంటడు. పోయి ఫోన్ జెయ్ అక్కా. లైన్ నంబరు నీకెర్కనే గద."

ఎరుకే. దవాఖాన గేటుకు ఎదురుగానే బూత్. ఇక్కడ కూర్చుంటే కనిపిస్తుంది. సారు సాయంత్రం బస్సుకు వస్తాడన్నారు. ఈపాటికి దిగి ఉండవచ్చు, ఇంకా దిగకపోయి ఉండవచ్చు. ఆయన ఆఫీసు వరండాలో నిలబడి ఉంటాడు, జేబులో గేజు మీద చేయి పెట్టుకుని.

ఆ రెండు తుపాకులు పట్టుకునేది ఎవరో నాకు తెలియదు. వాళ్ళకూ అక్కలుంటారు. వీడు మాత్రం నా ఎదురుగా ఉన్నాడు, ఒక్క కన్నుతో నన్నే చూస్తున్నాడు.

"పోతున్నవా?"

"ఆ" అన్నాను. సంచి చేతిలోకి తీసుకున్నాను. ఇదిగో, ఇది రాయడానికని వరండా బల్ల మీద కూర్చున్నాను. బూత్ ఆయన షట్టరు సగం దించి లోపల దీపం వేశాడు. నేను ఇంకా లేవలేదు.